గున్వోర్ ట్రైలర్

రిటైరైన మంత్రసాని గున్వోర్ పాత కారుకి ట్రైలర్ తగిలించిందంటే, కొక్కెం రెండుసార్లు లాగి, దీపాలు వెలిగించి చూశాకే స్టీరింగు ముట్టుకుంటుంది. ఆ శనివారం, కార్లనీ ఎక్కించుకునే ఓడలో, దీవిలోని ప్రార్థనామందిరానికి గది వెచ్చబరిచే ఇనప పొయ్యి చేర్చాలి. మర్నాడు పొద్దున అక్కడ గడ్డకట్టే చలిలో ఒక పసిబిడ్డకు జ్ఞానస్నానం. మరిది టోర్‌స్టెన్ పొయ్యిని ట్రైలర్ వెనక చివర్నే పెట్టేశాడు. దాంతో బరువంతా వెనక్కి పడి, కారుకి తగిలించబోతే ట్రైలర్ ముందుభాగం ఆమె చేతిలో దూదిలా పైకి లేచింది.

"ముందుకి జరుపు. ఇలా పోతే ట్రైలర్ దారంతా అటూ ఇటూ తోక ఊపుతుంది."

"ఓడ వెళ్ళిపోతుంది వదినా. దేవుడి పనేగా, ఆయనే చూసుకుంటాడు."

"ఎదురు కార్లలో వచ్చేవాళ్ళూ ఆయన బిడ్డలే. జరుపు."

ఓడ కూతేసి వెళ్ళిపోయింది. గున్వోర్ తాపీగా మరిదికి కాఫీ పోసిచ్చి, "సాయంత్రం ఓడకి పోతాను. తెల్లారేసరికి పొయ్యి నేనే రాజేస్తాను," అంది. అతను గొణుక్కుంటూ తాగి, పొయ్యిని ముందుకి నెట్టడానికి భుజం ఆనించాడు. పక్కనే ఆమె కూడా ఆనించింది.