పదకొండు రోజుల ఒట్టు

నా చిన్నప్పుడు మా అమ్మ అలిపిరి మెట్లలో ఒక మెట్టుకు బొట్టు పెట్టకుండా దాటిపోయింది. ప్రమాదం అంటే ఏమిటో నాకు మొట్టమొదట తెలిసింది ఆ మెట్టు దగ్గరే.

నాయనకు రేణిగుంట గోడౌన్‌లో ఉద్యోగం పర్మినెంటైతే మెట్లపూజ చేస్తానని అమ్మ మొక్కుకుంది. మెట్టు మెట్టుకూ వంగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి పైకి పోవాలి. పసుపు కుంకుమల పళ్లెం నా చేతిలో ఉంది. నాయన సంచి భుజాన వేసుకుని మాకంటే ఇరవై మెట్లు ముందు నడుస్తున్నాడు. ముగ్గులో ఒక్క చుక్క వంకర పోతే మొత్తం చెరిపి మళ్లీ వేసే మనిషి మా అమ్మ. అట్లాంటిది ఒక మెట్టు వదిలేసింది. "అమ్మా, ఇది మర్చిపోయినావు" అన్నాను. వెనక్కి చూడలేదు. చెయ్యి మాత్రం పొట్ట మీద అదిమిపెట్టుకుని ఉంది. ఆ మెట్టుకు నేనే పసుపు రాసి, తలెత్తి చూసేసరికి ఆమె మూడు మెట్ల పైన కూలబడి వాంతి చేసుకుంటోంది.

గాలిగోపురం ఇంకా చాలా దూరం. నాయనా, దారిన పోయే ఇద్దరు అన్నలూ కలిసి అమ్మను కిందికి మోసుకొచ్చారు. ఆ శనివారమే తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. స్కాన్ తీసి, పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకుపోయే పెద్ద సిరలో గడ్డ కట్టిందనీ, దారి దాదాపు మూసుకుపోయిందనీ చెప్పారు. నొప్పి ఎప్పటి నుంచి అని అడిగితే అమ్మ మగతలోనే "నిన్నటి నుంచే" అంది. నాయన కూడా అదే చెప్పాడు. ఆయనకు తెలిసింది అంతే. రక్తం పలచబడే ఇంజెక్షన్ మొదలుపెట్టారు, నిన్న కట్టిన గడ్డే కాబట్టి రెండు మూడు రోజులు దాంతో చూద్దామన్నారు.

నిన్నటి నుంచి కాదని నాకు తెలుసు.

అంతకు ముందు వారం, బుధవారం నాడు, బడి నుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని, వేడినీళ్ల చెంబు పొట్టకు అదుముకుని ఉంది. ఆ రోజు లెక్కల పరీక్షలో నాకు ఇరవైకి ఇరవై వచ్చాయి, పేపరు చూపించడానికే పరిగెత్తుకొచ్చాను, అందుకే ఏ రోజో మర్చిపోలేదు. నాయనకు తెలిస్తే మొక్కు మానేయమంటాడని ఆమె భయం. నా చెయ్యి తీసి తన నడినెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టు. మీ నాయనకు చెప్పినావంటే సూడు" అంది. అప్పటి నుంచి రోజూ జీలకర్ర నీళ్లు తాగడం, గ్యాస్ బిళ్ల మింగడం, అన్నం తిన్నట్టు నటించి నా పళ్లెంలో వేయడం, అన్నీ చూస్తూనే ఉన్నాను.

నాకప్పుడు పదేళ్లు. తల మీద ఒట్టు తప్పితే ఆ తల ఉండదని మా వీధి పిల్లలందరికీ తెలిసిన సంగతి. చెబితే అమ్మ చచ్చిపోతుంది. చెప్పకపోయినా చచ్చిపోయేటట్టుంది. మర్నాడు ఆదివారం నేను పడ్డ భయం మళ్లీ ఇన్నేళ్లలో ఎప్పుడూ పడలేదు, నా పిల్లలకు జ్వరం వచ్చిన రాత్రుల్లో కూడా.

నన్ను మా ఊళ్లో పక్కింటి అక్క దగ్గర వదిలారు. వాళ్లాయన టైలరు. ఆయన కుట్టే లంగాలకు బొందులు ఎక్కించడం అక్క పని. పిన్నీసుకు బొందు కట్టి, నడుము మడతలో ఒక చిన్న సందులోంచి దూర్చి, చుట్టూ తిప్పి అదే సందులోంచి బయటికి తీస్తుంది. ఒక చేత్తో పని చేస్తూనే ఇంకో చేత్తో నాకు సేమ్యా పెట్టింది. నేను ముట్టలేదు.

"ఏందే పాపా, మా ఇంటి సేమ్యా వద్దనే దానివి ఎప్పుడైనావు?" అంది.

ఏడ్చేశాను. చెప్పలేను, ఒట్టు ఉండాది అన్నాను. ఇంకొకరైతే ఒట్టూ లేదు గిట్టూ లేదు అని కొట్టిపారేసేవాళ్లు. అక్క పని ఆపి, చాలా సీరియస్‌గా అడిగింది.

"ఎవరికి చెప్పొద్దనింది మీ అమ్మ?"

"నాయనకు."

"నాకు చెప్పొద్దనిందా?"

"లేదు."

"డాక్టరుకు చెప్పొద్దనిందా?"

ఆలోచించాను. అననే లేదు.

"మరి ఒట్టు యాడ తప్పుతాది? మీ నాయనకు చెప్పాకు. అంతే కదా."

నేను బుధవారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. వింటుంటే అక్క ముఖం మారిపోయింది. బొందులు ఎక్కించాల్సిన లంగాలు సంచిలో కుక్కుకుని, నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. ఆటోలో తిరుపతి దాకా నా వేళ్లు నొప్పి పుట్టేలా పట్టుకుని ఉంది.

వార్డు పక్కన చిన్న గదిలో డాక్టరమ్మ, నాయన ఉన్నారు. అమ్మకు నొప్పి తగ్గలేదు, పొట్ట ఇంకా ఉబ్బింది. పాప ఏదో చెప్పాలంట అని అక్క నన్ను ముందుకు తోసింది. నేను నాయన వైపు చూసి నోరు మూసుకున్నాను.

"మా నాయన బయటికి పోతే చెప్తా."

నాయన ముఖం అప్పుడెట్లా అయిందో ఈ వయసులో గుర్తు చేసుకుంటే ఎక్కువ బాధేస్తుంది. డాక్టరమ్మ తలూపింది. ఆయన బయటికి పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ తలుపు సరిగా పడదు, మాటలన్నీ వినపడతాయి. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

"బుధవారం నుంచి. పోయిన బుధవారం కాదు, ముందు బుధవారం." వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. "పదకొండు రోజులు."

డాక్టరమ్మ నన్ను మళ్లీ రెండుసార్లు అడిగింది. తర్వాత లేచి ఎవరికో ఫోన్ చేసింది. నాయనను లోపలికి పిలిచి, ఇక ఎదురుచూసే సమయం లేదని చెప్పింది. గడ్డ కొత్తగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుందట, మందుకు కరుగుతుందట. రోజులు గడిచేకొద్దీ గట్టిపడి సిర గోడకు అతుక్కుపోతుంది. పదకొండు రోజులంటే కరిగే గడువు దగ్గర పడినట్టే. ఈలోపల పేగులకు రక్తం ఆడక అవి దెబ్బతింటే పొట్ట కోయాల్సి వస్తుంది. అందుకని పక్కటెముకల మధ్య సూదిమొనంత రంధ్రం చేసి, కాలేయం గుండా సన్నటి తీగ పంపి, ఆ తీగ మీదుగా సన్నటి గొట్టాన్ని గడ్డ దాకా తీసుకుపోయి, కరిగించే మందు నేరుగా దాంట్లోకే వదులుతామంది. కరగనిది ఆ దారినే లాగేస్తారు. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది, దాచను, సంతకం పెట్టండి అంది.

నాయన కాగితం పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. సంతకం పెట్టలేదు. "కోస్తే కనపడతాది. కొయ్యకుండా లోపల ఎట్ల పోతారు? యాడ గుచ్చుకుంటాదో ఏమో" అని తనలో తనే అనుకుంటున్నాడు. గడియారం నడుస్తూనే ఉంది. నర్సు రెండుసార్లు వచ్చి చూసిపోయింది.

అక్క సంచిలోంచి ఒక లంగా తీసింది. పిన్నీసు సందులో పెట్టి తోయడం మొదలుపెట్టింది, కళ్లు మాత్రం నాయన మీదే పెట్టి.

"అన్నా, నేను లోపల సూసి దూరుస్తానా? పైన వేళ్లకు తెలుస్తాది, పిన్నీసు యాడుండాదో. వాళ్లకైతే టీవీలో బొమ్మే కనపడతాదంట."

సగం దూరం పోయాక పిన్నీసు ఆగింది. లోపల గుడ్డ ముడుచుకుపోయింది. నాయన అది చూస్తున్నాడు. "ఇప్పుడు లాగితే చినుగుతాది," అంది అక్క. "మా ఆయనైతే కుట్టు విప్పేయమంటాడు. ఆయనకు ఓపిక ఎక్కడిది?" బొటనవేలితో ఆ ముడతను మెల్లగా సవరించింది. కాస్త వెనక్కి, కాస్త ముందుకు. ఎంతసేపు పట్టిందో తెలియదు. పిన్నీసు కదిలింది. చుట్టూ తిరిగి సందులోంచి బయటికి వచ్చింది.

నాయన పెన్ను అడిగాడు.

ఆ మధ్యాహ్నమే అమ్మను తీసుకుపోయారు. గొట్టం పెట్టి బయటికి తెచ్చాక రెండు రోజులు అట్లాగే మందు ఎక్కింది. కదలకూడదు, పక్కకు కూడా తిరగకూడదు. నన్ను లోపలికి రానివ్వలేదు. సోమవారం లోపలి బొమ్మ తీస్తే గడ్డ సగమే కరిగింది. నాయన ఆ మాట విని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ముఖం కప్పుకున్నాడు. మంగళవారం మళ్లీ తీసుకుపోయి మిగిలింది కొంత లాగేశారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, దారి తెరుచుకుంది, రక్తం పారుతోంది అని మాత్రం అంది. ఆ రెండు మాటలకు అక్క నన్నెత్తుకుని గిరగిరా తిప్పింది, పదేళ్ల పిల్లను.

అమ్మను చూడనిచ్చిన రోజు, నేను మంచం దగ్గరికి పోగానే ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"చెప్పేసినావా?"

"నాయనకు చెప్పలేదు" అన్నాను.

వెనక నిలబడ్డ నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏం చెప్పలేదు?" అన్నాడు. ఆయన ఈ రోజు వరకూ ఆ తలుపు సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు నాకు ముప్పై నాలుగు. అమ్మ బాగానే ఉంది, రోజూ సాయంత్రం రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. నొప్పిని ఓర్చుకోవడం గొప్పని నేర్పిన ఇంట్లోనే పుట్టాను నేను. ఓర్చుకున్న ప్రతి రోజూ ఎవరో ఒకరికి చేతిలో ఉన్న సమయాన్ని తగ్గిస్తుందని ఆ ఆదివారం నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా. పక్కింటి అక్క నా భయాన్ని చూసి నవ్వలేదు. అది భయం కాదని వాదించలేదు. దాంట్లో నేను పట్టేంత సందు వెతికి, అక్కడి నుంచి నన్ను బయటికి తీసింది. నా పిల్లలతో అంత ఓపిక నాకు ఉందా అని చాలాసార్లు అనుకుంటాను. చాలాసార్లు ఉండదు.

పోయిన వారం నా రక్తపరీక్ష వచ్చింది. రక్తం తొందరగా గడ్డకట్టే గుణం అమ్మ నుంచి నాకూ వచ్చిందట. జాగ్రత్తగా ఉంటే చాలు, భయపడాల్సింది లేదన్నారు. భయం చెబితే వింటుందా? పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదు. వాళ్లకూ ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇంత చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకని మా ఆయన అన్నాడు. నిన్న రాత్రి వాళ్లు పడుకున్నాక ఇక్కడిదాకా రాసి ఆపేశాను.

పొద్దున ఇడ్లీలు పెట్టి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అమ్మమ్మకు వచ్చిన జబ్బు గురించి, నా పరీక్ష గురించి, వాళ్లకు అర్థమయ్యేటంత చెప్పాను. ఒంట్లో ఎక్కడ నొప్పి వచ్చినా వచ్చిన రోజే చెప్పాలన్నాను. ఎవరు ఒట్టు పెట్టించుకున్నా సరే, చివరికి నేనే పెట్టించుకున్నా సరే.

బాబు వెంటనే పొట్ట పట్టుకున్నాడు. "నాకు ఇడ్లీ చూస్తే కడుపునొప్పి."

"అబద్ధం అమ్మా!" అని పాప అరిచింది. "వీడికి చట్నీ కారం, అంతే!"

"వాణ్ని చెప్పనీ," అన్నాను. "అబద్ధం నొప్పైనా సరే నాన్నా, ముందు చెప్పు. నిజమో కాదో నేను చూసుకుంటాను."