ముప్పై ఎనిమిది దగ్గర జారిన ముల్లు

మొన్న హనుమకొండలో పన్ను తీయించుకోవడానికి పోతే, డాక్టరమ్మ చిగురుకు సూది వేసి ఐదు నిమిషాలు ఆగమని పక్క గదిలోకి వెళ్ళింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నూట నలభై దగ్గర పెదవి నాది కాకుండా పోయింది. మనసు మాత్రం కుదురుగా లేదు. ఆ మత్తుమందు పేరును ముప్పై ఏళ్ళ కింద రోజూ గాజు గొట్టాల మీద రాసినవాణ్ణి నేను.

ఇంటర్‌తో చదువు ఆపేసి, మట్టెవాడలోని మా ఇంట్లో పాత పుస్తకాలు ముందేసుకుని గ్రాఫులు గీయడం సొంతంగా నేర్చుకుంటున్న నన్ను, మా మేనత్త కూతురు, వరసకు వదిన, తను పరిశోధన చేసే ల్యాబులో రీడింగులు రాయడానికి పెట్టించింది. నరాల కణాల చుట్టూ ఉండే పల్చటి కొవ్వు పొరను మత్తుమందు ఏం చేస్తుందన్నది ఆమె ప్రశ్న. మొద్దుబారడానికి ముఖ్య కారణం ఆ పొరలోని సన్నటి దారులు మూసుకుపోవడమేననీ, అయితే మందు పొరలోకీ దూరి దాన్ని మెత్తబరుస్తుందనీ, ఎంత మెత్తబరుస్తుందో కొలవాలనీ చెప్పేది. అలాంటి కొవ్వు పొడిని నీళ్ళలో కలిపితే పాలలా ఉండేది. మెల్లగా వేడి చేస్తూ పోతే నలభై ఒక్క డిగ్రీల దగ్గర పొర ఒక్కసారిగా కరిగి, నీళ్ళు కాస్త తేటబడి, నీళ్ళ మసకను కొలిచే మీటరులో ముల్లు టక్కున పడిపోయేది. ఆ పడిపోవడం నాకెంత ముద్దుగా ఉండేదో, లెక్క సరిపోయినప్పటి సంతోషం ఎరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు.

మందు కలిపిన గొట్టం పెట్టిన రోజు ముల్లు ముప్పై ఎనిమిది దగ్గరే కదిలింది. వదిన అప్పుడు గదిలో లేదు. వేడి తొందరగా పెంచానేమో, చూపు తప్పిందేమో అనుకుని, నా పొరపాటును నేనే సరిచేస్తున్నాననే నమ్మకంతో, ఆ మూడు డిగ్రీలకూ మందు లేని గొట్టం అంకెలే రాసి, ముల్లు నలభై ఒకటి దగ్గరే పడినట్టు చూపించాను.

సాయంత్రం ఆమె గీసిన రెండు గీతలూ, మందు లేనిదీ ఉన్నదీ, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మందు పనేమీ చేయలేదన్నట్టు. నెలాఖరుకు ఏదీ తేలకపోతే ఈ అంశం వదిలేయమని ఆమె గురువుగారు ముందే చెప్పి ఉన్నారు. పొడి ఇంకొక్క గొట్టానికే ఉంది. మూడో రోజు ఆమె పుస్తకాలు సర్దుకుంటుంటే నోరు విప్పాను.

"వదినా, ఆ అంకెలు నేనే మార్చిన. ముల్లు ముప్పై ఎనిమిదికే జారింది."

"ఏందీ? మల్లజెప్పు."

చెప్పాను.

"రెండేండ్ల సంది నేను సూస్తున్నది ఆ జారుడు కోసమే గద మరిదీ! మందు గొట్టంల పోసినవా, నీ కండ్లల్ల పోసుకున్నవా?"

ఇంటికి పొమ్మంటుందనుకున్నాను. "జర కూసో, నీళ్ళు వేడి పెట్టు" అంది. ముల్లు నేను చదివి చెప్పాను, థర్మామీటరు చూసి పుస్తకంలో రాసింది ఆమె. ముప్పై ఎనిమిది నుంచి మెల్లమెల్లగా, వాలులో దిగినట్టు జారింది. గురువుగారు ఆ గీత చూసి కొత్త పొడి తెప్పించారు, పని నిలబడింది. కానీ ఎనిమిది నెలలు ఆమె పెన్ను నా చేతికి ఇవ్వలేదు. ఒక్క మాట అనలేదు, ఎప్పటిలాగే ఎగతాళి చేసేది, పెన్ను మాత్రం ఇవ్వలేదు. ఆ ప్రయోగాల చివరి వారంలో ఒక మధ్యాహ్నం, గొట్టం ముప్పై ఏడు దగ్గర ఉండగా లేచి, "నేను చాయ్ తాగొస్త, నువ్వే రాయి" అని పెన్ను పుస్తకం మీద పెట్టి వెళ్ళిపోయింది. ఒక్కో అంకెను మూడేసి సార్లు చూసి రాశాను.

ఇప్పుడు ల్యాబుల్లో యంత్రమే వేడి పెంచుతుంది, యంత్రమే గీత గీస్తుంది, పిల్లలు అంతసేపూ ఫోన్లు చూసుకుంటారట. అంకెను దిద్దే వీలు ఎవరికీ లేదు, మంచిదే. కాకపోతే ఒక మనిషి చాయ్‌కి పోతూ ఇంకో మనిషిని నమ్మి పెన్ను వదిలి వెళ్ళే పని కూడా ఇక లేదు.