ఉరుముకి పీకిన ప్లగ్గు

సోమవారం పొద్దున్న ల్యాబు తలుపు తీసేసరికి ఫ్రిజ్ కింద నీళ్లు మడుగు కట్టాయి. ప్లగ్గు నేలమీద పడి ఉంది. జగ్గమ్మ చీపురు పక్కన పడేసి వంగి చూసింది. శనివారం దాన్ని పీకింది తనే.

నరసన్నపేట రోడ్డుమీది ఆ చిన్న సర్కారు ఆసుపత్రిలో పదకొండేళ్లుగా ఆమె కాంట్రాక్టు స్వీపరు. ఆ పక్క ఉరిమితే చాలు, ఏ ఇంట్లోనైనా ముందు ప్లగ్గులే పీకుతారు. పోయిన వేసవిలో పిడుగుకి ఫ్రిజ్ కాలిపోతే నలుగురిలో తిట్లు తిన్నదీ ఆమే. అందుకే శనివారం మధ్యాహ్నం ఉరమగానే పీకేసింది. వాన రెండు చుక్కలు రాల్చి పోయింది, ఆమె ప్లగ్గు తిరిగి పెట్టడం మరిచి ఇంటికెళ్లిపోయింది. ఆదివారం ల్యాబుకి సెలవు, ఎండ మాడ్చేసింది.

ఫ్రిజ్‌లో ఉన్నది ఒకే గొట్టం. వ్యాను డ్రైవరు గంగులు రక్తం. శుక్రవారం సాయంత్రం వాడు చేపల తట్టతో రోడ్డు దాటుతున్న అసిరమ్మని గుద్దేశాడు. ఆమె కాలు విరిగింది. తాగి నడిపాడని జనం, చుక్క ముట్టలేదని వాడు. ఆ రక్తాన్ని పరీక్షకి తీసుకెళ్లడానికి పదింటికి కానిస్టేబుల్ వస్తాడు.

టెక్నీషియన్ సుహాసిని రాగానే జగ్గమ్మ ఉన్నదంతా చెప్పేసింది.

"ఏటి సేసీసావు పిన్నీ!" సుహాసిని గొట్టం పైకెత్తి చూసింది. "పులవకుండా మందేసిన గొట్టాలు ఆ రోజు నిండుకున్నాయి. ఫ్రిజ్జుంది కదాని ఉత్త గొట్టంలోనే తీశాను. ఇంత ఉక్కలో గంజిలా పులిస్తే తాగనోడి రక్తంలోనూ ఆల్కహాలు పుట్టొచ్చు. మూత వదులైతే తాగినోడిది ఎగిరిపోనూ వచ్చు."

"మళ్లీ తీసీలేవా?"

"మూడ్రోజులయ్యాక ఇంకా ఒంట్లో ఏటుంటాది?" సుహాసిని గొంతు తగ్గించింది. "ప్లగ్గెట్టీ. సల్లబడిపోతాది. ఎవడికి తెలుస్తాది?"

జగ్గమ్మ పెట్టింది. నేలమీది నీళ్లు తుడిచేసింది.

వరండాలో గంగులు పెళ్లాం కుమారి ఎదురొచ్చింది. "అప్పా, మా మావ ముట్టడు. రక్తంలో తెలిసిపోతాది కదా?"

వార్డులోంచి అసిరమ్మ మూలుగు వినబడుతోంది. "ఆ తాగుబోతెదవని ఒదలకండి!"

జగ్గమ్మకి ఇద్దరి మాటలూ వినబడ్డాయి. ఆ గొట్టం ఇప్పుడు ఎవరి కొంపైనా ముంచగలదు. చెబితే తన ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే?

పదింటికి కానిస్టేబుల్ మురళీమోహన్ థర్మోకోల్ పెట్టె, రక్తం అందినట్టు రాసే కాయితం పట్టుకుని ల్యాబులోకి వచ్చాడు. సుహాసిని కుర్చీ ముందు జగ్గమ్మ నిలబడి ఉంది. "ఐసు ఏసి మరీ తెచ్చానప్పా. మాకూ తెలుసు రూల్సు!"

"బాబూ," అంది జగ్గమ్మ. "శనివారం ఉరిమితే ప్లగ్గు పీకీసాను. ఇయ్యాల పొద్దున్న దాకా ఆ రక్తం ఉక్కలోనే ఉన్నాది."

అతని నవ్వు ఆగిపోయింది. "ఇలా సెప్పమని గంగులుగాడి మనుషులేటైనా నేర్పారేటి నీకు? కేసెట్టి లోపలేసీగలను, తెలుసా?"

"ఎయ్యి బాబూ. ఆ కాయితంమీద ఇది కూడా రాసీ."

అతను పెన్ను తీసి, ప్లగ్గు పీకిన వేళ నుంచి ఎన్ని గంటలైందో కూడా రాశాడు. జగ్గమ్మ సంతకం చేసింది. అక్షరాలు వంకర్లు పోయాయి. మందు లేని ఉత్త గొట్టంలో తీసిన సంగతి మాత్రం ఎత్తలేదు. అది చెప్పవలసింది తను కాదు.

"ఇంకేటైనా ఉన్నాదా?" పెట్టె మూయబోతూ అడిగాడు.

జగ్గమ్మ తల తిప్పలేదు. వెనక కుర్చీ కిర్రుమంది.

"ఉన్నాది," అంది సుహాసిని, పీలగొంతుతో.