నన్ను మోసిన ఏడాది మా అమ్మ తిన్న తిండి

నేను పుట్టిన ఏడు వాన పడలేదంట. బద్వేలు పక్క మా ఊళ్లో జొన్న మొలకలోనే మాడిపోయిందంట. మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకొని సర్కారు రోడ్డు పనికి పోయి కంకర కొట్టింది. అక్కడ పోసే గంజిలో సగం ముంతలో దాచి తెచ్చి మా అన్నకు తాగించేది. తన కడుపు మాత్రం ఉడకబెట్టిన ఆకులతో నింపుకునేది.

నాకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. చర్చి పక్కన బడిలో నా ఈడు పిల్లలు గుణింతాలు పాడుతుంటే నేను ఇంకా అ, ఆల దగ్గరే ఉన్నాను. పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నానికి పోయేది. ఎవరన్నా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి ఏడ్చేదాన్ని. ఒక రోజు నేను తప్పులు చదువుతుంటే, మంచి పంటల కాలంలో పుట్టిన తమ్ముడు పక్కన కూర్చుని దిద్దాడు. వాడింకా బడికి కూడా పోలేదు. అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"నీ తప్పేం లేదు పాపా. నా కడుపులో ఉన్నప్పుడే నీకు కూడు పెట్టలేకపోతి."

నాకు అర్థం కాలేదు. ఆమె చెంగు తడిగా ఉండటం మాత్రం గుర్తు.

నిదానంగానైనా నాకు చదవడం వచ్చింది. పెళ్లయి కర్నూలు పక్క కల్లూరుకు కాపురానికి పోయాను. కడుపుతో ఉన్నప్పుడు మా అత్త పెట్టే సంగటి ముద్ద నెలనెలకూ చిన్నదవుతూ వచ్చింది. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని ఆమె భయం. ఆమె కూతురు బిడ్డను కనలేక కాన్పులోనే పోయింది. అందుకే ఎదురు చెప్పలేక, ఆకలేస్తే నీళ్లు తాగేదాన్ని.

ఐదో నెలలో అమ్మ చూడటానికి వచ్చింది. నా మణికట్టు పట్టుకుని చూసింది. నా పళ్లెం చూశాక ఇక ఆగలేకపోయింది.

"ఇంట్లో గింజలు లేవా వదినా?" అంది మా అత్తతో.

"శానా ఉండాయి. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువని ఇట్ల పెడతాండా. నా కూతుర్ని మట్టిలో పెట్టినదాన్ని వదినా, నాకు భయం."

అమ్మ జరిగి ఆమె పక్కన కూర్చుంది.

"నేను పస్తులుండి కన్నా దీన్ని. సులువుగానే కన్నా. ఆ తర్వాత ఇది ఒక్కొక్క అక్షరానికి ఎంత ఏడ్చిందో ఈ కండ్లతో చూసినా. నువ్వు పెట్టు వదినా. నీకు భయమైతే కాన్పుకు మా ఇంటికి తీసకపోను. ఈడనే, నీ ముందరే కానిద్దాం. నేనొచ్చి ఉంటా."

మా అత్త లేచి వంటింట్లోకి పోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఇంకో ముద్ద తెచ్చి నా పళ్లెంలో పెట్టి, నెయ్యి పోసింది.

"తినమ్మా," అంది, నా మొహం చూడకుండా.

ఆ మరుసటి రోజు నుంచి ఉడకబెట్టిన చెనక్కాయలు, బెల్లం, ఆకుకూర పప్పు, అన్నీ ఆమే దగ్గర కూర్చుని తినిపించేది. పక్కింటి సాయిబుల ఆమె కోడిగుడ్లు పంపేది.

కాన్పు సులువుగా కాలేదు. ఇద్దరు తల్లులూ చెరో చెయ్యి పట్టుకుని పగలంతా నాతోపాటు చెమటలు కక్కారు. ఆడబిడ్డ పుట్టింది. ఏడాది తిరక్కముందే మాటలు మొదలుపెట్టి, బడిలో చేరాక ఎవరూ చెప్పకుండానే పాఠాలు అప్పజెప్పేది. అదంతా తిండి వల్లేనా అంటే నేను చెప్పలేను. దాన్ని చూసుకునే చేతులు కూడా ఎక్కువే ఉన్నాయి. మా అత్త మాత్రం అదంతా తన నెయ్యి మహిమే అనేది. అమ్మ నవ్వేది గానీ ఒక్కసారి కూడా కాదనలేదు.