30031 మీద నేను కొట్టిన ఇంటూ

మా చిన్నప్పుడు బడిలో పరీక్ష కాగితాలు సార్లు దిద్దేవారు కాదు... మేమే దిద్దుకునేవాళ్ళం. పక్కవాళ్ళ కాగితం మనకి, మనది పక్కవాళ్ళకి. సారు గైడు చూసి జవాబులు చదివేవారు. ఎర్ర పెన్నుతో టిక్కు, లేదా ఇంటూ.

చెరుకుపల్లి దగ్గర మా ఊరి బడి. తొమ్మిదో తరగతి. తెనాలిలో లెక్కల పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. నాగమణికీ నాకూ మధ్యే పోటీ. ఇద్దరం ఒకే బెంచీ. అందుకోసం పెట్టిన పరీక్షలో దాని కాగితం నా చేతికొచ్చింది.

చివరి ప్రశ్న అయిదు మార్కులు... 30031 ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా?

సారు ముందు వారమే చెప్పారు. 2, 3, 5, 7, 11, 13... వీటన్నిటినీ గుణిస్తే 30030. ఒకటి కలిపితే, వీటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. కాబట్టి ప్రధాన సంఖ్య. నేను అదే రాశాను.

నాగమణి అక్కడ ఆగలేదు. పదమూడు తర్వాత కూడా ప్రధాన సంఖ్యలున్నాయి కదా అని పదిహేడు, పందొమ్మిది, ఇరవై మూడు... ఒక్కోదానితో భాగించుకుంటూ పోయింది. పేజీ నిండా భాగహారాలే. యాభై తొమ్మిది దగ్గర శేషం సున్నా. కింద రాసింది... 59 × 509. సంయుక్త సంఖ్య.

"ఆఖరుది, ప్రధాన సంఖ్య" అని చదివారు సారు.

నేను అరచేతి మీద గుణించి చూశాను. సరిగ్గా 30031. అయినా ఇంటూ కొట్టాను.

నాగమణి లేచింది. "సార్, అది యాభై తొమ్మిదితో పోతందండి."

"ఏంటమ్మా, గైడు రాసినాయన కంటే నీకెక్కువ తెలుసా?"

"అట్టా అనట్లేదండి. ఒక్కసారి గుణించి చూడండి."

"యాభై తొమ్మిదో ఎక్కం కూడా నేర్పుతావేంటి నాకు? కూర్చో!"

క్లాసంతా నవ్వింది. నాగమణి నా వైపు తిరిగింది. "దిద్దింది నువ్వేగా... గుణించావుగా. చెప్పవే!"

సారు కూడా నన్నే చూశారు. నేను లేచి, "మీరు చెప్పినట్టే దిద్దానండి" అన్నాను.

తెనాలికి నేను వెళ్ళాను. ఏమీ గెలవలేదు.

ఆ సారు మీద నాకు ఇప్పటికీ కోపమే. తెలియకపోవడం తప్పు కాదు. చేతిలో సుద్దముక్క ఉంది, వెనక బోర్డు ఉంది. ఒక్క గుణకారం... అర నిమిషం పని. అది చెయ్యడానికి ఆయనకి పరువు అడ్డొచ్చింది.

నాగమణి ఏడవలేదు, నాతో మాటలూ మానలేదు. ఆ రోజు నుంచి సారు ఏది చెబితే అదే రాసింది. మార్కులు బాగానే వచ్చాయి. "పిల్ల దారిలో పడింది" అన్నారు సారు. తలుచుకుంటే ఒళ్ళు మండేది ఆ మాటకే.

ఇప్పుడు ఫోనులో కొడితే చాలు, ఇలాంటి సంఖ్యలకి కారణాంకాలు రెప్పపాటులో వస్తాయి. ఎవరూ పేజీ నిండా భాగహారాలు చెయ్యక్కర్లేదు... కానీ లేచి నిలబడి "సార్, తప్పండి" అనే పిల్లని ఇప్పుడైనా కూర్చోబెట్టకుండా ఉంటున్నారా?

సార్ల తప్పుల గురించి అందరం రాస్తాం. ఒప్పని తెలిసీ మీరు ఇంటూ కొట్టిన కాగితం ఎవరిదో... ధైర్యముంటే అది రాయండి కింద.