నాయనమ్మ ఒంట్లో పొయ్యిలు

రెంటచింతల ఎండ మీద ఒట్టు, ఇందులో అక్షరం కూడా అబద్ధం కాదు. నిన్న ఎండకు కాలిన వాకిట్లో నీళ్లు చల్లితే లేచిన వాసనకు చిన్నప్పటి సంగతొకటి గుర్తొచ్చింది.

మన ఒంట్లో కంటికి కనపడని పొయ్యిలుంటాయనీ, అవి తిన్న తిండిని ఊపిరి గాలితో మండించి బలమిస్తాయనీ సైన్సు మేష్టారు చెప్పారు. ఇంటికొస్తే, మిరప కళ్లం నుంచి వచ్చిన నాయనమ్మ చెయ్యి పెనంలా కాలుతోంది. మంట ఎక్కువై బూడిదైపోతుందేమోనని హడలిపోయి, తాగే నీళ్ల కడవ ఎత్తి ఆమె నెత్తిన కుమ్మరించాను.

"ఒరేయ్, ఏందిరా ఇది?"

"నీ లోపలి పొయ్యిలు ఆర్పుతున్నా నాయనమ్మా."

"అయ్యి ఆరితే నీకు జొన్నన్నం ఎవరు వండుతారురా? చానా హాయిగా ఉంది, ఇంకో కడవ తే" అని నవ్వింది.

ఆ పొయ్యిలే మైటోకాండ్రియా అట. వాటి నుంచి ఎగిరే రవ్వలే మనల్ని కొంచెం కొంచెంగా కమిలించి ముసలివాళ్లను చేస్తాయని ఈమధ్యే చదివాను.

ఒక్క ముక్క మాత్రం కల్పించాను. నాయనమ్మ రెండో కడవ అడగలేదు, చీపురు పట్టుకుని బజారంతా తరిమింది. ఆ పరుగు చూశాక నా భయం పోయింది.