వెంట్రుకవాసి వదులు

2019 నవంబరులో, పదవీ విరమణకు పద్నాలుగు నెలల ముందు, మా చేతివృత్తుల సహకార సంఘం సరుకుతో నన్ను బహ్రెయిన్ పంపారు. అక్కడ సనాబిస్ అనే చోట జరిగే ప్రదర్శనలో మాకొక దుకాణం కేటాయించారు. నా హోదా నాణ్యత తనిఖీ అధికారి.

సమష్టి ఉత్పత్తే సోషలిజానికి బాట అని నమ్మిన కాలంలో పుట్టిన సంఘం మాది. నియమావళి నేటికీ మారలేదు. వస్తువుపై సంఘం ముద్రే ఉంటుంది, చేసినవారి పేరుండదు. అడుగున సభ్యసంఖ్య మాత్రం వేస్తారు. సంఘం తనిఖీలో కొన్ని చెడినా తిరస్కరణ మొత్తం లాటుకే.

ఆ లాటులో మూడు వందల లక్క భరిణెలున్నాయి. అంకుడు కర్రను లేత్‌పై తిప్పుతూ, ఆ రాపిడి వేడికే లక్క పూసి చేసినవి. మూత కదిలితే లోపమని నేను రెండుసార్లు వెనక్కి పంపి, సందు లేకుండా బిగింపజేశాను. శనివారం పదింటికి మనామా వర్తకుడు సరుకు చూడాలి. నలభై కుటుంబాలకు ఆ ఏడాది పని అతని ఆర్డరే.

గురువారం పెట్టెలు విప్పాం. చూసిన ఇరవైలో పదిహేడు మూతలు రాలేదు. ఓడలో తేమకు కర్ర ఉబ్బింది.

శుక్రవారం సెలవు గనుక, మా వైపు నుంచి వచ్చి దగ్గరి బుదైయా ఊళ్ళో ఇంటిపని చేసే అప్పలనరసమ్మ మన బొమ్మలు వచ్చాయని విని చూడవచ్చింది. ఒక భరిణె తిరగేసి, పద్నాలుగో నంబరు తన మామగారిదని పోల్చుకుంది.

“ఆయన ఎంట్రుకవాసి వొదులుంచుతాడు బాబూ, గాలికి కర్ర ఊపిరి పీల్చాలని. ఇంత బిగువు ఏ ఆఫీసరో సెప్పుంటాడు.”

ఆ అధికారిని నేనేనన్నాను.

“అయితే కూకోండి, మీరే ఊడదీద్దురు. కత్తెట్టారో, ఖలాస్.”

ఆమె చెప్పినట్టే భరిణెలన్నీ ఏసీ గాలికి పరిచాం. తేమ తగ్గి మూతలు ఒక్కొక్కటే వదిలాయి. ఆమె పిలిపించిన ముగ్గురు స్నేహితురాళ్ళు అంచులను గరుకు కాగితంతో పలచన చేశారు. సాయంత్రం వెళ్తూ ఆమె నా చేతి భరిణె తెరిచి మూసి, “పర్లేదు బాబూ, నేర్సుకుంతన్నారు” అంది.

శనివారానికి 288 తెరుచుకున్నాయి. పన్నెండు పగిలాయి, అవన్నీ ఆమె రాకముందు నేను బలవంతంగా తీయబోయినవే. వర్తకుడు మంచివి తీసుకుని, ఆర్డరు కొనసాగించాడు. పగుళ్ళకు కారణం మూతలు బిగించమన్న తనిఖీ అధికారి ఉత్తర్వు, ఆపై అతని తొందర అని నివేదికలో రాశాను.

తిరిగివచ్చాక తనిఖీ పత్రంలో ఒక గడి చేర్పించాను: చేసినవారి అభిప్రాయం. మిగిలిన ఉద్యోగకాలంలో, ఆ గడి ఖాళీగా ఉన్న పత్రంపై నేను సంతకం చేయలేదు.